చంద్రుడి మీద నల్లా

నేను రెండో బిందె దించేసరికే లోపల మేక గొడవ బాగా ముదిరింది.

"మేక వద్దంటున్న గదా నానమ్మా! రాకెట్ల జాగ లేదు."

"జాగ లేకపోతే నేను ఒళ్ళె కూసోవెట్టుకుంట. నీకేం తక్లీఫ్?"

"పెంటికలేస్తే? మా టీచర్ చెప్పింది, ఆడ బరువే ఉండదట. పెంటికలు కింద పడయి. గాల్లెనే తిరుగుతయి."

"తిరిగితే తిరగనీ. చీపురు తీస్కపోదం."

"చీపురుతోని గాలిని ఊడుస్తవా?"

"నేనెందుకు ఊడుస్త? మీ అమ్మ ఊడుస్తది."

నా సంగతి అంత తేలిగ్గా తేల్చేశారు. నేను మూడో బిందె కోసం బయటికి నడిచాను. వెనక నుంచి కమల అరుస్తోంది, "అమ్మా, జర నువ్వైనా చెప్పు నానమ్మకు!" అని. చెప్పడానికి నాకెక్కడ తీరిక? నల్లా ఇంకో పావుగంటలో బంద్ అవుతుంది. నా ముందు నలుగురున్నారు.

ఇది 1976 ఎండాకాలం సంగతి. అప్పుడు మేము ఉప్పుగూడలో ఒక పాత ఇంట్లో రెండు గదులు కిరాయికి తీసుకుని ఉండేవాళ్ళం. ఆవరణలో మాతో కలిపి ఐదు కుటుంబాలు, అందరికీ కలిపి ఒక్క నల్లా. పొద్దున ఒక గంట, సాయంత్రం ఒక గంట నీళ్ళు. మా ఆయన భిక్షపతి కంచన్‌బాగ్‌లో ఒక ఫ్యాక్టరీలో ఫిట్టరు. అక్కడ ఏం తయారవుతుందో ఆయన ఎనిమిదేళ్ళలో ఒక్కసారి కూడా చెప్పలేదు, మేమూ అడగలేదు. నాకు తెలియాల్సింది నాకు తెలుసు. ఫ్యాక్టరీ గోడ లోపల క్వార్టర్లు ఉన్నాయి, ప్రతి క్వార్టరు వంటింట్లోనూ నల్లా ఉంది. ఒకసారి అక్కడ బారసాలకు పిలిస్తే పోయాను. అందరూ ఉయ్యాల దగ్గర పాటల్లో ఉండగా వంటింట్లోకి పోయి నల్లా తిప్పాను. పట్టపగలు మూడు గంటలకు నీళ్ళొచ్చాయి. కట్టేసి మళ్ళీ తిప్పాను. మళ్ళీ వచ్చాయి.

క్వార్టర్ల కోసం పెట్టుకున్నవాళ్ళ లిస్టులో ఆ ఏడాది మా పేరు రెండోది. ఆగస్టులోపల తాళం చేతికొస్తుందని ఆయన అన్నారు. ఆ మాట నేను ఎవరితోనూ అనలేదు. నల్లా దగ్గర లైనులో నిలబడ్డప్పుడు మాత్రం లోలోపల రోజులు లెక్కపెట్టుకునేదాన్ని.

ఇంట్లో మిగిలిన ఇద్దరికీ ఆ ధ్యాసే లేదు. వాళ్ళు చంద్రుడి మీదికి పోతున్నారు.

కమలకు అప్పుడు పదేళ్ళు. ఒక పిల్లల పత్రికలో కలం స్నేహం పేజీ చూసి మారిషస్‌లో ఉండే పార్వతి అప్పాడు అనే అమ్మాయికి ఉత్తరం రాసింది. ఆ దీవిలో మనవాళ్ళు ఉన్నారనీ, ఎన్నో తరాల కింద చెరకు తోటల్లో పనికి పోయినవాళ్ళ పిల్లలనీ, వాళ్ళలో కొందరికి ఇంకా తెలుగు వచ్చనీ బళ్ళో టీచరు చెప్పిందట. పత్రికలో ఆ అమ్మాయి ఇష్టాలు రెండే వేశారు: కథలు చెప్పుట, చుక్కలు చూచుట. జవాబు వచ్చింది. ఒక్కో అక్షరం రేగుపండంత. రెండో తరగతి పిల్ల పలక మీద దిద్దినట్టు వంకరటింకరగా, పుస్తకాల భాషలో రాసింది. 'నాకు స్నేహితురాలు లేదు. నీవు వుందువా?' అని అడిగింది.

ఇద్దరూ కలిసి ఒక కథ రాద్దామనుకున్నారు. ఒక భాగం కమల, ఒక భాగం పార్వతి. ఇక్కడి నుంచి ఒక రాకెట్, అక్కడి నుంచి ఒక రాకెట్ బయల్దేరి చంద్రుడి మీద కలుసుకోవాలి. మా రాకెట్, మా గల్లీ పెళ్ళిళ్ళలో బిర్యానీ వండే పెద్ద రాగి దేగు. చింతపండు రసంలో సోడా కలిపి పోస్తే పైకి లేస్తుంది. వాళ్ళది చక్కెర మిల్లు పొగగొట్టం. దాన్ని వేళ్ళతో సహా పీకారట. మధ్య దారిలో ఇంజనులోకి చెరకు పాకం కారి చీమలు పట్టాయి. లక్ష చీమలు. దులిపితే పోలేదు కాబట్టి వాటిని కూడా సిబ్బందిలో చేర్చుకున్నామని పార్వతి రాసింది. ఆ ఉత్తరం చదివినప్పుడు మా అత్తమ్మ ఆగమ్మ నవ్వి నవ్వి పొరబోయి దగ్గింది. ఆమె నవ్వగా నేను చూడడం చాలా తక్కువ. ముఖ్యంగా నా ఎదుట.

ఆమెకు చదువు రాదు. కానీ కథ మొదలైన నాటి నుంచి పగ్గాలు ఆమె చేతిలోనే ఉన్నాయి. రాకెట్ ముక్కు భాగంలో తనే కూర్చుంటానంది. మేకను తెస్తానంది; ఆ గొడవ కూడా కమల పార్వతికి రాసింది. ఊళ్ళో ఆమెకు మేకలుండేవి. పట్నం వస్తూ చివరి మేకను అమ్మేసింది. ఇక్కడ ఇంటి ఓనరు కోడిపిల్లను కూడా పెంచనివ్వడు.

ఏప్రిల్ చివరలో కమల ఐదు పేజీల భాగం రాసి, డ్రాయింగ్ షీటంత కాగితం మీద రాకెట్ బొమ్మ కూడా గీసింది. దుకాణంలో కవర్లు దానికి చాలవు. పెద్ద కవరు చెయ్యమని నా కొంగు పట్టుకుని తిరిగింది. మా ఆయన ఫ్యాక్టరీ నుంచి తెచ్చిన పాత డ్రాయింగు కాగితాలు ట్రంకు పెట్టె మీద ఉన్నాయి. నీలిగీతలతో, దళసరిగా ఉంటాయి. అక్కడ చెత్తలో వేసేవాటిని అందరూ పిల్లల పుస్తకాలకు అట్టలు వెయ్యడానికి ఇళ్ళకు తెచ్చుకునేవారు. ఒకటి తీసి, గీతలున్న వైపు లోపలికి మడిచి, అన్నం మెతుకులతో అంటించి మంచి కవరు చేశాను. గట్టిగా కుదిరింది. నా పనితనం చూసి నాకే ముచ్చటేసింది.

పేజీలు లోపల పెట్టబోతూ చివరి పేరా చదివాను.

'చంద్రుని మీద కూడా ఒకటే నల్లా ఉంది. లైను చాలా పొడుగ్గా ఉంది. అందుకని అమ్మ బిందె పట్టుకుని నల్లా దగ్గర నిలబడింది. మేమందరం చంద్రుణ్ణి చూడటానికి వెళ్ళాము.'

"ఇదేందే?" అన్నాను.

"ఏంది?"

"చంద్రుని మీదికి గింత దూరం తీస్కపోయి, నన్ను మళ్ళ నల్లా కాడ నిలవెడ్తవా?"

కమల తలెత్తి చూసింది. వెక్కిరింపు కాదు, నిజంగానే అడిగింది.

"మరి ఎవరు నిలవడ్తరమ్మా?"

అత్తమ్మ వక్క కొరుకుతూ అంది, "రాస్తే ఏమైతది? ఉన్నదే రాసింది. బాయిలకెళ్ళి తోడి మోసినోళ్ళం మేము, గిట్ల లొల్లి చెయ్యలే."

 కవరు అంటించేశాను. మెతుకులు కొంచెం ఎక్కువే పెట్టి, అరచేత్తో కొట్టి కొట్టి అంటించాను.

*

మే నెల మధ్యలో ఒక సాయంత్రం మా ఆయన ఫ్యాక్టరీ నుంచి వచ్చి, సైకిలు గోడకు ఆనించి, కాళ్ళు కడుక్కోకుండానే గడప మీద కూర్చున్నారు. అవి ఎమర్జెన్సీ రోజులు. ఎవరైనా అలా కూర్చుంటే అడగడానికే భయం వేసేది.

"సెక్యూరిటీ సాబ్ పిలిపిచ్చిండు" అన్నారు చివరికి. "బల్ల మీద కవర్ ఉన్నది. విప్పి పరిచి పెట్టిన్రు. 'యే క్యా హై, భిక్షపతీ?' అన్నడు. నేను జూస్తే, మా ఫ్యాక్టరీ నక్ష."

విదేశాలకు పోయే టపాలో ఎక్కడో ఆ కవరును విప్పి చూశారు. లోపలి వైపు నీలిగీతలు. లోపల రాకెట్ బొమ్మ. పంపినవారి అడ్రసులో కంచన్‌బాగ్ ఫ్యాక్టరీ నౌకరు పేరు. వాళ్ళు ఇంకేం అనుకుంటారు?

"కవర్ నేనే చేసిన" అన్నాను. 

"ఎరికే."

"దేని నక్ష అది?"

ఆయన మొహం అటు తిప్పుకున్నారు. "సైకిల్ స్టాండు. పైన రేకులేసేది."

అత్తమ్మ కిసుక్కుమంది. ఆయన చూసిన చూపుకు వెంటనే కొంగు నోట్లో కుక్కుకుంది. నాకు నవ్వు రాలేదు. నా కళ్ళ ముందు నల్లా తిరుగుతోంది, ఆ వంటింటి ఇత్తడి నల్లా. నేనే నా చేతులతో దాన్ని కట్టేసుకున్నానేమో.

నాలుగు రోజుల తర్వాత వైకుంఠం వచ్చాడు. సెక్యూరిటీ సెక్షన్లో గుమాస్తా. మా ఆయనకు తెలిసినవాడే. చేతిలో ఫైలు, జేబులో రెండు పెన్నులు.

"వదినా, కోపానికి రాకు. సాబుకు తెలుగు రాదు. గీ ఉత్తరమంత ఇంగ్లీషుల రాసి మూడు కాపీలు పెట్టుమన్నడు. నాకు కొన్ని సమజ్ గాలే. ఎవరు రాసిన్రు?"

కమల చెయ్యెత్తింది, బళ్ళో ఎత్తినట్టు.

వైకుంఠం నులకమంచం మీద ఫైలు పరుచుకున్నాడు. "'అవ్వ రాకెట్ ముక్కులో కూర్చుంది.' గీ అవ్వెవరు?"

"నేనే" అంది అత్తమ్మ.

"ముక్కులెందుకు కూసున్నవ్?"

"ఫిట్టర్ను గన్నదాన్ని. ముందట గాకపోతే ఎనక కూసుంటనా?"

"రాస్కుంట. మదర్ ఆఫ్ ఫిట్టర్." నిజంగానే రాసుకున్నాడు. "చింతపండు రసం, సోడా. ఎంతెంత? సాబు క్వాంటిటీ అడుగుతడు."

"రసం రెండు లీటర్లు. సోడా ఒక చెంచా" అంది కమల.

"గంతేనా? చంద్రుని దాక?"

"పోయేటప్పుడే. వచ్చేటప్పుడు జారుకుంట వస్తం."

"ఆఁ... రిటర్న్, బై స్లైడింగ్." పెన్ను ఆపాడు. "'లక్ష చీమలు' అన్నవ్. అంచనానా, లెక్కపెట్టినవా?"

"పార్వతి లెక్కపెట్టింది."

"గీ పార్వతికి వయసెంత?"

ఎవరికీ తెలియదు. "చిన్నపిల్లే అంకుల్. అక్షరాలు సూడు, నా కంటె పెద్దగ రాస్తది. గీ ఉత్తరంల అడిగిన, నీకెన్నేండ్లు, ఏ క్లాసు అని" అంది కమల.

నేను చాయ్ తెచ్చి పెట్టాను. మోసుకొచ్చిన నీళ్ళతో చేసిన చాయ్. గోడకు ఆనుకుని నిలబడి అతని మొహం చూస్తూ ఉన్నాను, క్వార్టరు సంగతి ఏమైనా తెలుస్తుందేమోనని. అతను చాయ్ తాగి, ఫైలు కట్టి, లేచి, మళ్ళీ కూర్చున్నాడు.

"ఔ గని బిడ్డా, ఆకాశంల చెక్‌పోస్టు కాడ రేషన్ కార్డు అడిగిన్రు గదా. కార్డు భూమ్మీదనే చెల్లుతదన్నరు. మరెట్ల ఇడిసిపెట్టిన్రు? గది రాయకుంట సీద చంద్రుని మీద దింపినవ్."

"మర్చిపోయిన."

"మర్చిపోతే ఎట్ల? జర ఆలోచన చేసి చెప్పు. ఫైలుకు కావాలె."

ఫైలుకు కాదని అందరికీ తెలుసు. అత్తమ్మ అందుకుంది. "నేను చెప్త రాస్కో. చెక్‌పోస్టోనికి మేకపాలు పోసినం. ఇడిసిపెట్టిండు." "మేక లేదు నానమ్మా!" అని కమల. "లేకుంటే పాలెక్కడియి మరి?" అని అత్తమ్మ. ఇద్దరూ మళ్ళీ మొదలుపెట్టారు. వైకుంఠం ఒకసారి ఇటు, ఒకసారి అటు చూస్తూ పెన్ను పట్టుకుని కూర్చున్నాడు.

"అన్నా" అన్నాను, ఉండబట్టలేక. "క్వార్టర్‌కేమన్న అవుతదా?"

"ఫికర్ చెయ్యకు వదినా. సాబు మంచోడే. సైకిల్ స్టాండు గదా. ఆయన కొడుకు బుక్కులకు గూడ గవే అట్టలు."

అతను అన్నట్టే అయింది. ఇంగ్లీషు మూడు కాపీలు చదివి సాబు ఏమనుకున్నాడో గానీ, ఉత్తరం పంపెయ్యమన్నాడు. వైకుంఠమే కొత్త కవర్లో పెట్టి పోస్టు చేశాడు. గండం గడిచిందనుకున్నాను.

*

జులైలో, లాల్‌దర్వాజ బోనాలకు వారం ముందు, క్వార్టర్ల లిస్టు కదిలింది. మా ఆయన ఒక టైపు చేసిన కాగితం తెచ్చారు. తాళం సోమవారం ఇస్తారు. శనివారంలోపల ఆ కాగితం మీద సంతకం పెట్టాలి. గోడ లోపల ఉండేవాళ్ళందరూ పెట్టేదే. ఆయన తెలుగులో చదివి చెప్పారు: నా కుటుంబంలో ఎవరికీ విదేశాలతో ఉత్తర ప్రత్యుత్తరాలు లేవు, ఇకముందు ఉండవు.

"పెట్టకపోతే?" అంది కమల.

"నౌకరికి ఏం గాదు. ఉత్తరం ఒచ్చినప్పుడల్ల, పంపినప్పుడల్ల ఆఫీసుల సూపియ్యాలె, గంతే. గని క్వార్టర్ లిస్టుల మన ఎనకున్న దుర్గయ్యకు పోతది. మన పేరు కిందికి పోతది."

"ఎంత కిందికి?"

"మల్ల ఐదారేండ్లు."

కమల ట్రంకు పెట్టె వెనక్కి పోయి కూర్చుంది. ఏడుపు వినిపిస్తోంది, మనిషి కనిపించడం లేదు.  నేను చెప్పాల్సిన మాటలన్నీ సిద్ధంగా ఉన్నాయి. ఎనిమిదేళ్ళుగా ఎన్ని బిందెలు మోశానో, నా నడుము ఎలా ఉందో, ఒక ఆటకోసం మనుషులు ఇల్లు వదులుకుంటారా అనీ. అవన్నీ నేను చెప్పాలనుకున్నది అత్తమ్మకు. ఆమె ఒప్పుకోదని నాకు తెలుసు. రాకెట్ ముక్కులో కూర్చున్న మనిషి దిగుతుందా?

"పెట్టు బిడ్డా సంతకం" అంది అత్తమ్మ, నేను నోరు తెరవక ముందే. "నీళ్ళు దగ్గరుంటయి. దీని నడుము గూడ మంచిగ లేదు. పోరి నాల్గు దినాలు ఏడుస్తది, మర్చిపోతది."

పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆమె నా పక్షాన మాట్లాడడం అదే మొదటిసారి. నాకు సంతోషం కలగాలి. చిరాకు వచ్చింది. ఎవరో నా చేతిలోంచి బిందె లాక్కున్నట్టు, కానీ నీళ్ళు మాత్రం నా మీదే ఒలికినట్టు.  పొయ్యి ముందు కూర్చుని కట్టెలు ఊరికే ఎగదోశాను.

కాసేపటికి వెనక్కి తిరిగి చూస్తే, ఆమె వక్కల సంచి విప్పుకుని కూర్చుంది. అందులోంచి మారిషస్ స్టాంపులు తీసింది. చేప బొమ్మలవి, మూడు. ఆమె వాటిని ఆవిరి పట్టి ఊడదీసి దాచుకుందని నాకు తెలియదు. ఒక్కొక్కటి మోకాలి మీద పెట్టి బొటనవేలితో సాపు చేసింది. లేచి పోయి ట్రంకు పెట్టె వెనక కమల ఒళ్ళో పెట్టింది.

"నువ్వే ఉంచుకో. నాకు యాడ పోతయో ఏమో."

తర్వాత రెండు రోజులు ఇంట్లో గొడవలే లేవు. మేక గురించి ఎవరూ ఎత్తలేదు. నేను కోరుకున్న నిశ్శబ్దం అదే. అన్నం వండుతుంటే, నీళ్ళు మోస్తుంటే, ఆ నిశ్శబ్దం నా వెంటే తిరిగింది. కమల బడి నుంచి వచ్చి పుస్తకం ముందు పెట్టుకుని కూర్చునేది, పేజీ తిప్పేది కాదు. అత్తమ్మ అడక్కుండానే కూరగాయలు తరిగి పెట్టేది. సన్నగా, నీటుగా. ఆమె తరిగిన వంకాయలు చూస్తే నాకు ఒళ్ళు మండేది.

శుక్రవారం సాయంత్రం మా ఆయన వచ్చి, వాళ్ళిద్దరూ చూడకుండా ఒక కవరు నా చేతిలో పెట్టారు. మారిషస్ ఉత్తరం. విప్పి, మళ్ళీ అంటించి ఉంది. మూలన వైకుంఠం పెన్సిల్‌తో టిక్కు పెట్టాడు, ఒకటి కాదు, రెండు.

"ఏం లేదంట. పోరికి సూపియ్యకు, మల్ల ఏడుస్తది. పొయ్యిల పెట్టు. ఇయ్యాల అన్నం తిన్నంక సంతకం పెడ్త."

అప్పుడే నల్లా వచ్చింది. గోడ అవతల బిందెల చప్పుడు మొదలైంది. ఉత్తరం నడుము దగ్గర దోపుకుని, బిందె తీసుకుని పరుగెత్తాను. లైనులో ఆరుగురి వెనక పడ్డాను. నిలబడి నిలబడి, దోపుకున్న కాగితం గుచ్చుకుంటుంటే తీశాను. తీశాక, చదవకుండా పొయ్యిలో పెట్టడం ఎందుకని విప్పాను. అవే రేగుపండు అక్షరాలు.

'చిరంజీవి కమలకు దీవెనలు. నీవు నా వయస్సు, క్లాసు అడిగితివి. నాకు అరువది మూడు. నేను క్లాసు చదవలేదు. ముసలితనమున మా వూరి సాయంకాలపు బడిలో తెలుగు అక్షరములు నేర్చితిని. పెద్దల పత్రికలో అక్షరములు చిన్నవి, నాకు కనబడవు. పిల్లల పత్రికలో పెద్దవి. అందుకు దానికి వ్రాసితిని. నేను పిల్లను అని చెప్పలేదు. నీవు అడగలేదు. నీకు కోపము వస్తే తప్పు లేదు. మా యింటిలో ఎవరికీ తెలుగు రాదు. నేను తెలుగులో నవ్వులాట చెప్తే నవ్వేవారు లేరు. మీరు నవ్వుదురని నాకు తెలియును.'

లైను కదిలింది. నేనూ ఒక అడుగు కదిలాను.

'ఇప్పుడు కథ. నా పొగగొట్టము చందమామపై దిగినది. మొదట చీమలు దిగినవి. తరువాత నేను. ఇచ్చట బరువు లేదు కదా, నా మోకాళ్ళు నొప్పి లేదు. గెంతితిని. రెండు సార్లు గెంతితిని. అప్పుడు నల్లా దగ్గర ఒక ఆమెను చూచితిని. చేతిలో బిందె వున్నది. నీవు ఎవరు అంటిని. కమల అమ్మను అన్నది. ఎంత సేపటి నుండి నిలబడితివి అంటిని. ఉప్పుగూడ నుండి అన్నది.

'నేను ఆమె చేతిలోని బిందె తీసుకొంటిని. ఒక పీట వేసితిని. అమ్మా, నీవు కూర్చో, ఈ వంతు నేను నిలబడుదును అంటిని. ఆమె వద్దు అన్నది. నేను గట్టిగా చెప్పితిని. అప్పుడు ఆమె కూర్చున్నది. చందమామ నుండి భూమి కనబడును. చాలా అందముగా వుండును. ఆమె చూచినది.'

కింద ఇంకో రెండు వరుసలు ఉన్నాయి.

'అవ్వ మేకను ఎందుకు తేలేదు? నేను దాని కొరకు చెఱకు ఆకులు తెచ్చితిని. చీమలు కూడ దారి చూచుచున్నవి.'

"సుగుణక్కా! ఓ సుగుణక్కా!" పక్క పోర్షన్ రాహేలు భుజం తట్టింది. "నీ వంతొచ్చి పోయింది. పిలిస్తె వలుకవు. పానం మంచిగ లేదా, గట్ల కూసున్నవేంది?"

చూసుకున్నాను. బిందె బోర్లించి దాని మీద కూర్చుని ఉన్నాను. ఎప్పుడు కూర్చున్నానో నాకు తెలియదు. నల్లా చివరి బొట్లు రాలుస్తోంది. రాహేలు తన బిందెలోంచి సగం నాకు పొయ్యబోతే వద్దన్నాను. ఉత్తరం మడిచి, ఖాళీ బిందెతో ఇంటికి వచ్చాను. ఆ ఇంట్లో కాపురం పెట్టాక ఖాళీ బిందెతో లోపలికి రావడం అదే మొదలు.

"నీళ్ళేవి?" అంది అత్తమ్మ.

"వంతు పోయింది."

ఆమె నా మొహంలోకి చూసింది. 

పొద్దుటి నీళ్ళు కడవలో అడుగున కొన్ని ఉన్నాయి. వాటితోనే అన్నం వండాను, పప్పు చేశాను. ముగ్గురికీ కంచాలు పెట్టాను. మా ఆయన కంచం పక్కనే ఆ టైపు కాగితం, దాని మీద పెన్ను ఉన్నాయి. కమల కాగితం వైపు చూడకుండా అన్నం కెలుకుతోంది. నేను పప్పు గిన్నె పట్టుకుని వంగాను. ఆ క్షణంలో కూడా నా కళ్ళ ముందు ఆ వంటింటి నల్లానే ఉంది. తిప్పితే వచ్చిన నీళ్ళు వేళ్ళకు ఎంత చల్లగా తగిలాయో అదీ గుర్తుంది. దానిమీద ఆశ చచ్చిందని నేను చెప్పను. ఇవాళ్టికీ చెప్పను.

నడుము దగ్గరి ఉత్తరం తీసి అత్తమ్మ కంచం పక్కన పెట్టాను.

"పార్వతమ్మ రాసింది. మీ ఈడు మనిషే. తిన్నంక కమలతోటి సదివిచ్చుకోండ్రి."

ముగ్గురి చేతులూ కంచాల్లో ఆగిపోయాయి. నేను మా ఆయనకు పప్పు వేశాను. తర్వాత కమలకు. పక్కకు జరిగి అత్తమ్మకు వేశాను.

"గా కాయితం రేపు వాపస్ ఇచ్చెయ్. క్వార్టర్ దుర్గయ్యకే పోనీ" అన్నాను. "పొద్దుటి నీళ్ళు రేపటి సంది నువ్వు పట్టాలె. మాపటియి నేను పడ్త."

ఆయన ఏదో అనబోయారు. నేను గిన్నె కింద పెట్టి, నా కంచం తెచ్చుకుని వాళ్ళతో పాటు కూర్చున్నాను.

"ఇంకో మాట" అన్నాను. "మేక గూడ వస్తది."